పన్నెండు కణుపులు

ప్రిస్కిల్లమ్మ కుడిచేతి బొటనవేలు ముందు చూపుడువేలి అడుగు కణుపు మీద ఆనుతుంది. తర్వాత మధ్య కణుపు. తర్వాత కొస. అక్కడ ఒక్క క్షణం ఆగి నడిమివేలికి దిగుతుంది. అక్కడా మూడు. ఉంగరపువేలు, మూడు. చిటికెనవేలు, మూడు. పెదవులు కదులుతాయి, మాట బయటికి రాదు. ఆఖరి కణుపు దాటాక గుప్పిట మూసి ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు టీ అడుగుతుంది.

ఆమదాలవలసలో రైలుకట్టకి ఇవతలి వీధిలో, ఆ ఇంటి వరండా మీద ఇది రోజూ తెల్లారేసరికి జరిగేది. వానొచ్చినా, ఒళ్ళు కాలుతున్నా తప్పలేదు.

ఇమ్మానుయేలుకి ఆమె మేనత్త. అతను విశాఖపట్నంలోని ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే ప్రోగ్రాములు రాస్తాడు. రెండేళ్ళ కిందట ఆమె ఇంటి ముందుగదిలో బల్లా కుర్చీ వేసుకున్నాడు. అద్దె ఇస్తానంటే, "అద్దె ఒద్దు గానీ, రోజూ నూతిలోంచి నీల్లు తోడు" అంది. తోడుతున్నాడు. తోడుతూ ఆ బొటనవేలిని రోజూ చూస్తున్నాడు. కీర్తనలు వల్లించుకుంటోంది అనుకున్నాడు. మిషను బడిలో ముప్పైయొక్క ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి, నలభై ఏళ్ళుగా ఆదివారపు బడి నడుపుతున్న మనిషి. ఇంకేం వల్లిస్తుంది?

ఒక్కటే అతనికి అర్థమయ్యేది కాదు. ఆఖర్న ఆమె ఆమెన్ అనదు.

ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఆ ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఉన్నారు. పలకలు కొనలేని పిల్లలు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆమె బడిలో చేరింది. రాసుకోవడానికి ఏమీ లేని పిల్లవాడికి చెయ్యి ఉంటుంది కదా అంది. వేలికి మూడు మాటలు పెట్టింది. నాలుగు వేళ్ళకి ఒక వాక్యం. క్రిస్మసు ముందు కంఠత వాక్యాల పోటీకి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎంతమంది వచ్చినా బహుమతి ఆమె పిల్లలదే. ఆటో నడిపే నూకయ్యకి యాభై దాటాయి. ఇప్పటికీ ఆమె ఆటో ఎక్కితే చాలు, హేండిల్ మీద అతని బొటనవేలు దానంతటదే కదులుతుంది.

"ఏరా, మూడో వాక్యం గుర్తున్నాదా?"

"గుర్తున్నాది టీచరుగోరూ. కిరాయి అక్కర్నేదు, అడక్కండి."

భర్త రైల్వేలో పనిచేసి పోయాడు. పిల్లలు లేరు. చెప్పొద్దన్న మాట చెప్పకపోవడంలో ఆమెకి పేరుంది. దుర్గ అనే ఒకప్పటి శిష్యురాలు తను పదో తరగతి తప్పిన సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆమెని బతిమాలుకుందట. మనవడు పుట్టాక ఆ సంగతి తనే నవ్వుతూ నలుగురిలో బయటపెట్టింది. పక్కనే కూర్చున్న ప్రిస్కిల్లమ్మ మాత్రం, "నాకేటీ తెలీదు" అంది.

ఏడాదిగా మేనత్తకీ ఇమ్మానుయేలుకీ మధ్య ఒకే ఒక తగువు ఉంది. ఆమె పిత్తాశయంలో రాళ్ళున్నాయి. ఆపరేషన్ చేసుకోమని శ్రీకాకుళంలో డాక్టరు చెప్పాడు. ఆమె ముందు క్రిస్మసు అయ్యాక అంది. తర్వాత ఎండలు తగ్గాక అంది. వేసవి బైబిలు బడి అంది. మొన్న నొప్పి వచ్చి రెండు పూటలు చుట్టుకుపోయి పడుకుంది, లేచి, "వరికోతలు అవ్వనీ" అంది. ఆమెకి సెంటు భూమి లేదు. తెల్లారేసరికి మాత్రం వరండా మీద కూర్చుని కణుపులు లెక్కపెట్టింది.

గురువారం పొద్దున్న ప్యాసింజరు వెళ్ళిన కాసేపటికి వెంకటలక్ష్మి మూట చంకన పెట్టుకుని వచ్చింది. ఇమ్మానుయేలుకి సొంత అక్క. పొందూరులో పద్నాలుగుమంది వడికే ఆడవాళ్ళతో, ముగ్గురు నేతగాళ్ళతో ఒక చిన్న సంఘం నడుపుతోంది. ఆమె మొహం చూసి అతను కుర్చీలోంచి లేచాడు.

"ఏటప్పా, పొద్దున్నే?"

"కొంప మునిగిందిరా తమ్ముడా. పేరు పోనాది."

"ఏ పేరు?"

ఆమె మూట విప్పి ఒక పంచె పరిచింది. పట్టుకుంటే చేతికి బరువు తెలియని పంచె. దాని చివర, అంచుకి పైన, ఎర్ర నూలుతో ఇంగ్లీషు అక్షరాలు. పొందూరు వడుకు అన్న పేరు, చుక్క, చుక్క తర్వాత డాట్ కామ్ లాంటి ఒక తోక. రాసినవి కావు, అచ్చు వేసినవీ కావు. మగ్గం మీద నేసినవి.

మూడేళ్ళ కిందట విజయనగరంలో చేతిపనుల ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక కొత్త కంపెనీ వాళ్ళు గుడారం వేసుకుని, సంఘాలకి ఉచితంగా బ్లాక్‌చైన్ పేర్లు ఇచ్చారు. ఫోనులో ఆ పేరు కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది. పంచె ఎవరు వడికారో, ఎవరు నేశారో, వాళ్ళ ఫోటో, ఊరు, అన్నీ కనిపిస్తాయి. ఆ పేరు తమదేనని ఎవరైనా చూసి తెలుసుకోవచ్చు, ఎవరూ లాక్కోలేరు అన్నారు. వెంకటలక్ష్మికి అది నచ్చింది. ఈ ఏడు చెన్నైలో ఒక బట్టల దుకాణం నలభై పంచెలు కావాలంది, పేరుతో సహా.

"నిన్న ఆ దుకాణం ఆవిడ ఫోన్ సేసింది. పేరు కొడితే ఏటీ రావట్లేదంట. సోమవారం నాటికి రాకపోతే నలభయ్యీ తిప్పి పంపేత్తానంటంది."

"పేరున్న ముక్క కత్తిరించి వేరేవోల్లకి అమ్మీ."

"కత్తిరించడానికి అదేటి కాయితం అనుకున్నావా? జగన్నాధం బావ ఒక్కో అక్షరం దారాలు లెక్కెట్టి నేసినాడు. ఈశ్వరి ఆర్నెల్లు వడికింది. వాలుగ సేప దవడతో దూది ఏకి ఏకి దాని గోల్లు అరిగిపోనాయి. ఈ వయసులో దానికి దొరికిన పేరది. కత్తెరట్టుకుని దానింటికి నువ్వెల్తావేటి?"

అతను పంచె చేతిలోకి తీసుకున్నాడు. బల్ల దగ్గర కూర్చున్నాడు. ప్రిస్కిల్లమ్మ వరండా గుమ్మంలో చిక్కుడుకాయలు తుంచుతూ ఇటే చూస్తోంది.

ఇలాంటి పేర్లు ఏ కంపెనీ బీరువాలోనూ ఉండవు. అందరికీ కనిపించే ఒక పెద్ద చిట్టాలో రాసి ఉంటాయి. ఎవరైనా చదవవచ్చు, మార్చడం మాత్రం యజమానికే సాధ్యం. చదవడానికి కోడ్ మొత్తం మొదటి నుంచి రాసుకోనక్కర్లేదు. తెలిసినవాళ్ళు రాసి అందరికీ విడిచిపెట్టిన లైబ్రరీ ఒకటి ఉంటుంది. దాన్ని మన ప్రోగ్రాములోకి తెచ్చుకుని పేరు చేతికిస్తే, అది వెళ్ళి చిట్టాలో వెతికి, ఈ పేరు ఎవరిది, దాని కింద ఏం రాసి ఉంది, అన్నీ చెబుతుంది. ఇమ్మానుయేలు ఒక వరుస కొట్టి లైబ్రరీ దింపుకున్నాడు. ఇంకో ఆరు వరుసలు రాశాడు. పంచె మీది అక్షరాలు ఒక్కొక్కటే చూసి కొట్టాడు.

అలాంటి పేరు నమోదు కాలేదని వచ్చింది.

వెంకటలక్ష్మి అతని మొహం చదివేసింది.

"మోసం సేసేరు. గుడారం ఏసి మరీ మోసం సేసేరు."

"ఉండప్పా."

అతను లైబ్రరీతో పాటు ఇచ్చిన వివరాలు మళ్ళీ పై నుంచి చదివాడు. రెండోసారి నెమ్మదిగా చదివాడు. అక్కడ ఉంది. చిట్టా ఒకటి కాదు, రెండు. పాతది, ఖరీదైనది ఒకటి. చవగ్గా ఉండే కొత్తది ఒకటి. ఎక్కడ వెతకాలో లైబ్రరీకి మనమే చెప్పాలి. అతను పాతదాని దారి ఒక్కటే చెప్పాడు. ఉచితంగా పంచిపెట్టేవాళ్ళు ఖరీదైన చిట్టాలో ఎందుకు రాస్తారు? రెండో దారి కూడా చేర్చి మళ్ళీ నడిపించాడు.

ఈసారి రెండు వరుసలు వచ్చాయి.

"ఉన్నాది!"

"ఉన్నాదా?"

"ఉన్నాది అప్పా. పేరు ఎక్కడికీ పోనేదు. దాని కింద ఉన్న పేజీయే పోనాది. ఆ కంపెనీ మూసేసినట్టున్నారు. పేజీదేటుంది, కొత్తది నేను కడతాను."

ఆమె పంచెని గుండెకి అదుముకుంది. అతను మాత్రం మొదటి వరుస వైపే చూస్తున్నాడు. యజమాని. సున్నాతో మొదలై నలభై రెండు గుర్తులున్న ఒక చిరునామా. దాన్ని చీటీ మీద రాసుకున్నాడు.

"ఇది ఎవరిది? నీదేనా?"

"సంఘానిది."

"సంఘానికి ఫోనుండదు కదప్పా. ఆ రోజు ఎవరి ఫోన్లో సేయించినావు?"

వెంకటలక్ష్మి గుమ్మం వైపు చూసింది. ప్రిస్కిల్లమ్మ చిక్కుడుకాయ వైపు చూసింది.

జరిగింది ఇది. ఫోను ఇవ్వండి, పేరు అందులో కడతాను అన్నాడు గుడారంలోని కుర్రాడు. పొందూరు ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేరు పెట్టడం మేనత్త హక్కు. పిల్లకైనా, పిల్లాడికైనా, ఉయ్యాల మీదకి వంగి మొదట పిలిచేది ఆవిడే. సంఘాన్ని కన్నది వెంకటలక్ష్మి అయితే, ఆమె మేనత్త ప్రదర్శన చూడ్డానికి వచ్చి అక్కడే నిలబడి ఉంది. ఇంకెవరు పెడతారు? ప్రిస్కిల్లమ్మ తన ఫోను ఇచ్చింది. పేరు పైకి పలికి, వేలితో నొక్కింది. అందరూ బెల్లం తిన్నారు. పేరు వెళ్ళి ఆమె ఫోనులో కూర్చుంది.

"అత్తా, ఆ ఫోనేదీ?"

ఆమె గడ్డం ఎత్తి నూతి వైపు చూపించింది. నూతి గట్టు మీద నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి ఉంది. రోజూ అతను నీళ్ళు పోసే తొట్టి.

"పాత ఫోన్లకి తొట్లు ఇత్తామని మైకులో అరుసుకుంటా వచ్చేడు. నువ్వు కొత్తది కొన్నావు కదా, పాతది దేనికని ఇచ్చీసేను. తొట్టి బానే ఉన్నాది కదరా?"

ఇమ్మానుయేలు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. తొట్టి నిజంగానే బాగుంది.

"అత్తా, ఆ గుంటడు నీకు పన్నెండు ఇంగ్లీషు మాటలు సూపించేడా? రాసుకోమన్నాడా?"

"అన్నాడు."

"రాసుకున్నావా?"

"నేదు. నేనెప్పుడైనా రాసుకున్నానేట్రా?"

అతను అక్కకి నెమ్మదిగా చెప్పాడు. ఆ పన్నెండు మాటలే తాళంచెవి. ఫోను పోయినా అవి ఉంటే చాలు. అవి లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. దరఖాస్తు పెట్టుకోవడానికి ఆఫీసు లేదు, కాళ్ళు పట్టుకోవడానికి ఆఫీసరు లేడు. పేరు అక్కడే ఉంటుంది, మనదే, కానీ దాని కింద చచ్చిన పేజీయే ఉంటుంది, ఎప్పటికీ.

వెంకటలక్ష్మి ఏడవలేదు. పంచె మడత పెట్టడం మొదలుపెట్టింది. మడత సరిగా రాక మళ్ళీ విప్పింది. "ఈశ్వరికేటని సెప్పను" అంది. ఎవరినీ అడగలేదు, ఊరికే అంది.

ఇమ్మానుయేలు తల ఎత్తేసరికి ప్రిస్కిల్లమ్మ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టేసి ఉంది. ఆమె కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. బొటనవేలు కదులుతోంది. పొద్దుటి పని పొద్దున్నే అయిపోయింది. ఇప్పుడు పది దాటింది. అయినా కదులుతోంది. అడుగు కణుపు, మధ్య కణుపు, కొస. పెదవులు కదులుతున్నాయి.

అతను మొదటిసారి లెక్కపెట్టాడు. మూడు. ఆరు. తొమ్మిది. పన్నెండు.

గుప్పిట మూసుకుంది. ఆమెన్ లేదు.

"అత్తా" అన్నాడు. "అది ఏ కీర్తన?"

ఆమె గుప్పిట ఇంకా బిగించింది.

"అత్తా, ఆ మాటలు నీకొచ్చు."

"సెప్పను."

"అయ్యో, ఎందుకు సెప్పవు?"

"ఎవులికీ సెప్పొద్దన్నాడు."

"నాకు కూడానా?"

"నీకు అసలు సెప్పకూడదు. కంప్యూటరు తెలిసినోల్లకి మరీ సెప్పొద్దన్నాడు. బ్యాంకు నుంచి అన్నా, పోలీసులమన్నా, సొంత మనుషులమన్నా సెప్పొద్దన్నాడు. మంచి గుంటడు. నాలాటోల్లకి అర్థమయ్యేలా సెప్పేడు."

వెంకటలక్ష్మి మేనత్త మోకాలు మీద ఒకటి వేసింది. "ఓలమ్మా! ఇంతసేపట్నుంచి నా పేనాలు పోతంటే సూత్తా కూకున్నావా?"

"ఆ మాటలకీ నీ పంచెలకీ ముడున్నాదని ఇప్పుడే కదా వీడు సెప్పేడు! దాసుకోమన్నాడు, దాసుకున్నాను. దేనికని నేనడగనేదు."

ఇమ్మానుయేలుకి నవ్వు వచ్చింది. ఆపుకున్నాడు. ఆమె చెప్పింది అక్షరాలా సరైనది. తన కంపెనీలో పదిమందికి చెప్పినా ఒకడు పాటించని నియమం అది.

"సెప్పొద్దులే అత్తా. నువ్వే కొట్టు. నేను సూడను."

కంప్యూటర్లో పన్నెండు గళ్ళున్న పెట్టె తెరిచి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ గోడ వైపు తిరిగి, దండన పడ్డ పిల్లల్లా నిలబడ్డారు. వెనక ఒక మీట చప్పుడు. చాలాసేపటికి ఇంకొకటి. తర్వాత ఆగిపోయింది.

"కుదర్దురా. కొడతంటే కణుపులు లెక్కెట్టడానికి సెయ్యి కాళీ ఉండట్లేదు."

"ఏ సెయ్యితో కొడతన్నావు?"

"కుడిసెయ్యి."

"ఎడంసేత్తో కొట్టు. కుడిసెయ్యి ఒల్లో ఎట్టుకో."

మళ్ళీ మొదలైంది. కుడిచెయ్యి చెబుతోంది, ఎడమచెయ్యి రాసుకుంటోంది. ఇమ్మానుయేలు గోడ మీద ఉన్న క్యాలెండరు చూస్తూ చప్పుళ్ళు విన్నాడు. ఒక మాట అయ్యాక చిన్న విరామం. వేలు మారినప్పుడు పెద్ద విరామం. మూడు, ఆరు. ఏడు. ఎనిమిది.

ఆగిపోయింది.

వెంకటలక్ష్మి తమ్ముడి మణికట్టు పట్టుకుంది. బయట ఎవరో తోపుబండి తోసుకుంటూ వెళ్ళారు. వెనక ఊపిరి మాత్రమే వినిపిస్తోంది.

"ఉండండి" అంది ప్రిస్కిల్లమ్మ. అడక్కుండానే అంది. "మొదట్నించి వస్తాను."

ఏ చప్పుడూ లేదు. బొటనవేలు మళ్ళీ చూపుడువేలి అడుగు నుంచి బయల్దేరిందని అతనికి తెలుసు. అతని బొటనవేలు కూడా అతనికి తెలియకుండానే బయల్దేరింది. ఎనిమిదో కణుపు దగ్గర అతనూ ఆగాడు. అతనికి మాటలు తెలియవు, కణుపులే తెలుసు. ఆగి, కొసకి జరిగాడు.

వెనక మీటలు గబగబా మోగాయి. తొమ్మిది. ఇంకో మూడు మాటలు. తర్వాత కుర్చీ కిర్రుమంది.

"ఐపోనాది. తిరగండి."

వెంకటలక్ష్మి చీటీ పట్టుకుంది. ఆ పన్నెండు మాటలకి తెర మీద వచ్చిన చిరునామా అతను చదివాడు. రేషను దుకాణంలో పేర్లు పిలిచినట్టు అతను ఒక్కో గుర్తూ పలకడం, ఆమె ఊఁ అనడం. నలభై రెండోదీ కలిసింది, ఆమె ఊఁ అనలేదు. చీటీతో మొహం కప్పుకుంది.

ఇక మిగిలింది పని. చిట్టాలో మార్చడానికి రుసుము కొంచెమే, అతను కట్టాడు. అక్క ఫోనులో కొత్త తాళంచెవి చేశాడు. పేరుని అత్త దగ్గర నుంచి అక్క దగ్గరికి మార్చాడు. సంఘంలో అందరి ఫోటోలూ అక్క ఫోనులోనే ఉన్నాయి, వాటితో ఒక సాదా పేజీ కట్టి పేరు కింద రాయించాడు. మధ్యాహ్నం అన్నాల వేళకి మళ్ళీ ఆ ఆరు వరుసల ప్రోగ్రాము నడిపాడు. లైబ్రరీ వెళ్ళి చూసి వచ్చి కొత్త యజమానిని, కొత్త పేజీని చెప్పింది. చెన్నైకి ఫోను చేశారు. అటు నుంచి ఆవిడ, "ఎవరీ పెద్దావిడ, చేప ఎముక పట్టుకుని నవ్వుతోంది?" అని అడిగింది. "మా ఈశ్వరి" అంది వెంకటలక్ష్మి. ఆ రెండు మాటలే అంది.

కొత్త పన్నెండు మాటలు ఆమె రెండు కాగితాల మీద రాసుకుంది. ఒకటి సంఘం బీరువాకి, ఒకటి బ్యాంకు లాకరుకి.

"కాయితాన్ని సెదలు తింటాది" అంది ప్రిస్కిల్లమ్మ.

"నీ బుర్రని తినవేటి?"

"తింటాయనే కదే నా బయ్యం."

ఆ మాట ఆమె నవ్వుతూనే మొదలుపెట్టింది, నవ్వు మధ్యలో ఆగింది. చిక్కుడుకాయల చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "మూడేల్లు. పొద్దున్న లెగిసేసరికి ఒక కణుపు కాళీగా ఉంటాదేమోనని. మీ నలుగురి సొత్తు నా సేతుల్లో ఎట్టేరు. ఆ డాక్టరు మత్తిత్తానన్నాడు. మత్తులోంచి లెగిసేక కొన్ని మర్సిపోతారంట కదా. మన వీధిలో రాణి వాల్లమ్మ ఆపరేషనయ్యేక అల్లుడి పేరు మర్సిపోనాది."

ఇమ్మానుయేలు అత్త వైపు చూశాడు. క్రిస్మసు, ఎండలు, బైబిలు బడి, లేని భూమిలో వరికోతలు. అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

"ఇందుకేనా అత్తా, ఆపరేషను?"

ఆమె చిక్కుడుకాయ తుంచింది.

అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "అత్తా, పేరు ఇప్పుడు నీ దగ్గర నేదు. ఆ పాత మాటలతో ఇంకేటీ తెరుసుకోదు. కాళీ పెట్టె. నువ్వింక అవి మర్సిపోవచ్చు."

"మర్సిపోవచ్చా?"

"మర్సిపోవచ్చు."

"ఎవులికైనా సెప్పొచ్చా?"

"మైకులో సెప్పుకో."

ఆమె చేట దించింది. లేచి వరండా మీదకి వెళ్ళి తన చోట కూర్చుంది. కుడిచెయ్యి ముందుకి చాచి, ఆదివారపు బడి పిల్లలకి చెప్పినంత గట్టిగా, దారిన పోయేవాళ్ళు వినేలా చెప్పింది. ల్యాంప్. సాల్ట్. గోట్. రివర్. మొదటి ఎనిమిదీ దేవుడి మాటల్లాగే ఉన్నాయి. తొమ్మిదోదాని దగ్గర మొహం చిట్లించింది.

"హాకీ! సువార్తల్లో ఎక్కడున్నాదిరా హాకీ? మిగతా వాటికి ఏదో ఒక వాక్యం తగిలించుకున్నాను. దీనికేటి తగిలించను? మూడేల్లు సంపేసింది నన్ను."

వెంకటలక్ష్మి నవ్వి నవ్వి గుమ్మానికి ఆనుకుంది. ఆటోలో పోతున్న నూకయ్య బండి ఆపి, "ఏటి టీచరుగోరూ, కొత్త వాక్యమా?" అన్నాడు. ఆమె అతనికేసి చెయ్యి ఊపి, మిగిలిన మూడూ చెప్పి, గుప్పిట మూసి, ఆమెన్ అంది.

మరునాడు పొద్దున్న ఇమ్మానుయేలు నీళ్ళు తోడి నీలం తొట్టి నింపేసరికి వరండా ఖాళీగా ఉంది. ప్యాసింజరు వెళ్ళిపోయింది. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ప్రిస్కిల్లమ్మ అప్పుడు లేచింది. తన చోట కూర్చుంది. బొటనవేలు అలవాటుగా చూపుడువేలి అడుగు కణుపు మీదకి వెళ్ళి ఆనింది. ఆమె దానివైపు ఒకసారి చూసి, చెయ్యి తెరిచి, అరచెయ్యి మోకాలి మీద బోర్లించింది. టీ అడిగింది. గ్లాసు ఖాళీ చేశాక పెట్టె తెరిచి, ఏడాదిగా బట్టల అడుగున ఉన్న స్కానింగు కవరు తీసి చంకన పెట్టుకుంది.

"ఒరే, నూకయ్యని పిలువు. శ్రీకాకులం ఎల్లాల" అంది, చెప్పులు తొడుక్కుంటూ.